కప్పెట్టిన పండుటాకులు

దశరథ ట్రాలీ ఆటో ఆపి, తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"ఒక్క పండుటాకు లేదు చెల్లెమ్మా. అద్దంలా పెట్టావు తోటని. మా కోదాడ దిక్కు ఎన్ని తోటలున్నా అరటి పిలకలకు ఇక్కడికే వచ్చింది అందుకే," అన్నాడు.

నవనీత చంకలో పిల్లను సర్దుకుంది. ఆయన ఆమె ఆడబిడ్డ భర్త. రెండేళ్లు వరి కలిసిరాక, ఈసారి అరటి మీద ఆశపెట్టుకున్న మనిషి. మూడు వందల పిలకలు కావాలన్నాడు. అవతల ఆమె భర్త జీవన్ అప్పుడే గడ్డపారతో పిలకలు తవ్వుతున్నాడు.

తోటలో పండుటాకు లేకపోవడం నవనీత చేతి పనే.

పెన్‌పహాడ్ శివారులోని ఆ ఎకరంలో అమృతపాణి అరటి నాటిన నెలలోనే పిల్ల పుట్టింది. మనుమరాలి పాదం మంచిదని, అందుకే తోట అట్లా లేచిందని అత్త పుష్ప వాడంతా చెప్పుకొని మురిసింది. ఆ మురిపెమే నవనీతకు గుబులైంది. పక్కింట్లో ఆడపిల్ల పుట్టిన వారానికే పాడిబర్రె చచ్చిపోతే, ఆ పసిగుడ్డు పాదం మంచిది కాదన్నది కూడా ఆ అత్త నోరే. ఆ పిల్లకిప్పుడు ఆరేళ్లు. వాడలో ఏ పేరంటానికి వెళ్లినా వెనకే నిలబడుతుంది.

అందుకే కాలువ పక్క వరుసలో మొదటి ఆకు అంచున పసుపుబారి, కాడ విరిగి వేలాడినప్పుడు నవనీత ఎవరికీ చెప్పలేదు. తెల్లారగానే అందరికన్నా ముందు కొడవలి తీసుకుపోయి ఆ ఆకు కోసేసింది. గట్టు మీద వేస్తే కనబడుతుందని, పచ్చగా ఉన్న చెట్ల మొదళ్లలో గుంత తీసి కప్పెట్టింది. ఎరువైనా అవుతుందిలే అనుకుంది. మర్నాడు ఇంకో ఆకు. ఆ కొడవలితోనే పిలకలు కూడా కోసేది. నలభై రోజులు అదే పని.

పోయిన బుధవారం పిల్లకు టీకా వేయించి వస్తుంటే రైతువేదిక గోడ మీద ఒక కాగితం కనబడింది. తొమ్మిదో తరగతితో ఆగిన చదువు, కూడబలుక్కుంటూ చదివింది. పనామా తెగులట. మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుందట. మందు లేదట. రోగమున్న చెట్టు ఆకు, పిలక, దాన్ని కోసిన కొడవలి, ఏదీ ఇంకో చెట్టు దగ్గరికి పోరాదట. రెండోసారి చదవడానికి ధైర్యం చాలలేదు. ఇంటికొచ్చి ఆ మాట కూడా మింగేసింది.

ఇప్పుడు మొదటి కట్ట ఆటోలో పడింది. దశరథ ఇంట్లోనూ పాలు తాగే ఆడపిల్ల ఉంది.

"అన్నా, అవి దించు. మా తోటకు రోగమున్నది."

జీవన్ నవ్వాడు. "దానికన్నీ భయాలే బావా. పోరి తుమ్మితే సూర్యాపేట దవాఖాన అంటది."

నవనీత పిల్లను గట్టు దగ్గరున్న అత్త చేతికిచ్చి, కొడవలితో కాలువ పక్క చెట్టు బోదెను అడ్డంగా కోసింది. తెల్లగా ఉండాల్సిన లోపలంతా తుప్పురంగు చుక్కలు. జీవన్ వచ్చి వంగి చూశాడు. కొడవలి అందుకొని ఇంకో వరుసలో ఒకటి నరికాడు. అవతలి వరుసలో ఇంకొకటి. ఆ తర్వాత గడ్డపార ముట్టలేదు.

నవనీత అంతా చెప్పింది. ఆకుల సంగతీ, కాగితం సంగతీ, పిల్ల పాదం సంగతీ.

దశరథ కట్ట దించి, కాలి మట్టి గీకి కడుక్కున్నాడు. ముందే ఒక్క ఫోన్ చేస్తే, అని మొదలుపెట్టి ఆపేశాడు. ఖాళీ ఆటో బాట ఎక్కింది.

పుష్ప మనుమరాలిని ఒళ్లో పెట్టుకొని గట్టు మీద కూలబడింది. "నేను గట్లంటనని భయపడి తోటంత ముంచినవా?"

పుష్ప మనుమరాలి పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"అనేదాన్నే గావచ్చు," అంది.

ఆమే ముందు లేచింది. గట్టు మీది కందికట్టెలు తెచ్చి, ఎక్కడెక్కడ కప్పెట్టావో చూపెట్టమంది. నవనీత చూపిన చోటల్లా కట్టె గుచ్చుకుంటూ పోయింది. మూడో వరుస దాకా నవనీతకు గుర్తుంది. నాలుగో వరుసలో "ఈడ్నా?" అని అత్త అడిగితే గుర్తు లేకపోయినా తలూపింది. ఆ తర్వాత అడిగిన ప్రతి చోటా తలూపింది.

కట్టెలు అయిపోయాయి. వరుసలు ఇంకా ఉన్నాయి.