నూటికి నూరు మూతలు

బస్సు నడిపినన్నాళ్లూ ఎవరి మాటా చెవినబెట్టని మనిషి, రిటైరయ్యాక డాక్టర్ల మాట జవదాటనివాడైపోయాడు. ఆయన భార్యకు అదే తలనొప్పయింది.

గుండె డాక్టరు రక్తపోటుకు ఒక మాత్ర రాశాడు. కిడ్నీ డాక్టరు కూడా రక్తపోటుకే ఇంకోటి రాశాడు. రెండూ మింగిన దగ్గర్నుంచి ఆయన కుర్చీలోంచి లేస్తే చాలు, కళ్లు తిరిగి తూలిపోయేవాడు. మందుల షాపాయన రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "పేర్లే వేరు, ఇదీ అదీ ఒకటే మందమ్మా. డాక్టర్ని అడగండి," అన్నాడు.

అడిగింది. గుండె డాక్టరు నొచ్చుకున్నాడు. "కిడ్నీ డాక్టరుగారు నాకంటే పెద్దాయన. ఆయన రాసింది నేనెలా కొట్టేస్తానమ్మా, బాగోదు." కిడ్నీ డాక్టరు మరీ మర్యాదస్తుడు. "గుండె సంగతి ఆయన చూసుకుంటారు, మధ్యలో నేను వేలు పెట్టను," అన్నాడు. ఇద్దరి మర్యాదకూ ఏ లోటూ రాలేదు. ఆమె మొగుడు మాత్రం బాత్రూంలో పడి నుదురు పగలగొట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మెడికల్ కాలేజీ ప్రొఫెసరుగారి పరిశోధన ఒకటి దాపురించింది. రోగులు మందులు వేళకు వేసుకుంటున్నారా లేదా అని చూస్తారట. ఇంటింటికీ ఒక మందుల డబ్బా ఇచ్చారు. మూత తీసినప్పుడల్లా అందులోని చిప్పు ఆ కబురు ఆఫీసుకు మోస్తుంది. డబ్బా తెచ్చిన అమ్మాయి ముందు ఆమె రెండు మాత్రల గోడు వెళ్లబోసుకుంది.

"వేసుకుంటున్నారా లేదా అన్నదే మా పనండీ. వేసుకోవచ్చా లేదా అన్నది వేరే ప్రాజెక్టు. దానికింకా నిధులు రాలేదు," అంది ఆ అమ్మాయి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మర్నాటి నుంచి మూత టంచనుగా తనే తీసి, ఒక మాత్ర మొగుడి చేతిలో పెట్టి, రెండోది చెత్తబుట్టలో పారేసేది. దాని బదులు ఒక విటమిన్ బిళ్ల ఇచ్చేది. ఆయన తూలడం మానేశాడు. పైగా పరిశోధనలో నూటికి నూరు మార్కులు! బళ్లో ఏనాడూ మొహం చూపించని మార్కులవి. మొగుడి మురిపెం చూసి ఆమె నోరు కట్టేసుకుంది.

చివరికి సభ పెట్టారు. ప్రొఫెసరు ఆయన్ను స్టేజి మీద నిలబెట్టాడు.

"ఈయనకు మొదట్లో కళ్లు తిరిగేవి. రెండు మాత్రలూ మానకుండా వేసుకున్నారు, తగ్గిపోయింది. కళ్లు తిరిగాయని మీరూ మానేయకండి!"

హాలు నిండా డబ్బాలు పట్టుకున్న ముసలివాళ్లే. ఇంకా ఊరుకుంటే వీళ్లలో ఎవరు పడినా ఆ పాపం తనదే అనిపించింది ఆమెకు. లేచి నిలబడింది.

"ఆయన వేసుకున్నది ఒక్కటేనండీ. రెండూ ఒకే మందని తెలిసి రెండోది నేనే పారేశాను. అందుకే తగ్గింది."

మొగుడి మొహం మాడిపోయింది. ప్రొఫెసరు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మూత రోజూ తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"వేళకేనా?"

"వేళకే."

"ఇంకేమమ్మా! మా లెక్కలో తప్పేం లేదు. ఆయన మార్కులు ఆయనవే."

చప్పట్లు మోగాయి. మొగుడి మొహం మళ్లీ చాటంతయింది. "ఊరికే కంగారుపెడతావ్, కూర్చో," అని కసిరి, ఫోటోకు నవ్వాడు.

పక్క కుర్చీలో ముసలమ్మ కట్టు కట్టిన చేత్తో తన డబ్బా ముందుకు చాపింది. "నేనూ పడ్డాను తల్లీ. ఇందులో ఏది పారేయాలో చెప్పవూ?"

"నాకేం తెలుస్తుందమ్మా? పదండి, తెలిసినవాణ్ణి అడుగుదాం," అంటూ ఆమెను పొదివి పట్టుకుని మందుల షాపుకు బయల్దేరింది. స్టేజి మీద ఫోటోలు తీస్తూనే ఉన్నారు. గుమ్మం దాటి వెనక్కి తిరిగి చూస్తే, సగం హాలు ఒకరినొకరు పట్టుకుని తన వెనకే వస్తోంది.