చేయి చేసుకోండి

పిల్లల మ్యూజియం గుమ్మం పైన, ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు పులిమి, ఇలా రాసి పెట్టారు: "రండి పిల్లలూ! లోపల అన్నింటి మీదా స్వయంగా చేయి చేసుకోండి!"

ప్రూఫ్ రీడర్ అక్కడే నిలబడిపోయాడు. ఒక చేతిలో నాలుగేళ్ళ మనవడి చెయ్యి, ఇంకో చేతిలో నీళ్ళ సీసాలూ మార్చే బట్టలూ కుక్కిన సంచీ, పక్కన ఏడేళ్ళ మనవరాలు. వెనకవాళ్ళు భుజాలతో నెడుతున్నారు. నెట్టనీ. తప్పు కంటబడితే దాన్ని రెండుసార్లు చదివి, పళ్ళు నూరుకుని గానీ ముందుకు కదలడం ఆయన వల్ల కాదు. ముప్పై నాలుగేళ్ళుగా మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలను అచ్చుకు ముందు దిద్దుతున్న మనిషి. చీమ తలకాయంత అక్షరంలో పొల్లు జారినా పట్టుకుంటాడు. అలాంటివాడి నెత్తిన గుమ్మమంత తప్పును వేలాడదీస్తే ఎలా ఊరుకుంటాడు? ఎవడో ప్రబుద్ధుడు పరాయి భాషలోని మాటను మక్కికి మక్కి దించేసి, 'ముట్టుకుని చూడండి' అనబోయి 'చితకబాదండి' అని రాసి పెట్టాడు. చివర ఆశ్చర్యార్థకం ఒకటి, కొట్టడంలో ఉత్సాహం తగ్గకుండా.

అయితే ఆ మాట చూసి నవ్వే అర్హత ఈయనకు లేదు. నాలుగు నెలల కిందట ఈయన ఈ మనవరాలి మీదే చేయి చేసుకున్నాడు.

సాయంత్రానికల్లా ప్రెస్సుకు వెళ్ళాల్సిన ప్రూఫును బల్ల మీద వదిలి ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పిల్ల ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎర్ర కలంతో కాగితం మీద మూడు సున్నాలు చుట్టి ఉంది. "తాతయ్యా, ఇటు రా, చూడు" అంది. ఆయన చూడలేదు. చెంప ఛెళ్ళుమనిపించాడు. కళ్ళజోడు ఎగిరి గోడకు తగిలి పగిలింది. పిల్ల నోరు విప్పలేదు, ఏడవనూ లేదు. తరవాత చల్లబడి పాత కళ్ళజోడుతో ప్రూఫు చూసుకుంటే, ఆ మూడు సున్నాల్లో రెండు ఉత్తవే గానీ, మూడోది నిజంగానే తప్పు చుట్టూ ఉంది. ముప్పై నాలుగేళ్ళ అనుభవం దాటిపోయిన తప్పును రెండో తరగతి పిల్ల పట్టుకుంది. ఆయన దాన్ని గుట్టుచప్పుడు కాకుండా దిద్ది, ప్రెస్సుకు పంపి, ఊరుకున్నాడు. లోకం తప్పులన్నిటికీ ఎర్ర సిరా పూసే మనిషి, తన తప్పు దగ్గరికొచ్చేసరికి కలానికి మూత పెట్టేశాడు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఈ గురివింద ఎరుగును. ఎరిగి కూడా దాని మీదే కూర్చుంది.

ఆయన కూతురు పళ్ళ డాక్టరు. ఎంతటివాడి చేతనైనా నోరు తెరిపించగలదు, మూయించనూ గలదు. నాలుగు నెలలుగా పిల్లల్ని తాతగారి గడప తొక్కనివ్వలేదు. ఇవాళ పిల్లల్ని చూసుకునే ఆవిడకు జ్వరం, అల్లుడికి సెలవు దొరకలేదు, క్లినిక్‌లో పేషెంట్లు వరసగా ఉన్నారు. గతిలేక పంపింది.

"నాలుగింటికి నేనే వచ్చి తీసుకెళ్తాను నాన్నా," అంది. "నిన్నేమీ అడగను. పెద్దదాన్నే అడుగుతాను, మళ్ళీ తాతయ్యతో వెళ్తావా అని. వెళ్తానంటే పంపుతాను. వద్దంటే మాత్రం, ఇక నా దగ్గర ఆ మాట ఎత్తొద్దు."

అందుకని లోపలికి అడుగుపెట్టగానే ఆయన సంచీ భుజానికి తగిలించి, మనవణ్ణి అక్కకు అప్పగించి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. చూసేవాళ్ళు పెద్దమనిషి ఠీవి అనుకున్నారు. నిజానికి ఎడమచెయ్యి కుడిచేతికి కాపలా కాస్తోంది.

లోపల కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది వ్యవహారం. కాకపోతే కొబ్బరికాయ దొరికింది పిల్లలకు కాదు, తండ్రులకు. ఇటుకల గదిలో ఒకాయన చొక్కా చేతులు మడిచి, నాలిక బయటపెట్టి, నురగ ఇటుకలతో వంతెన కడుతున్నాడు. ఆయన కొడుకు పక్కనే నిలబడి, నాన్న ఆట ఎప్పుడు అయిపోతుందా అని ముక్కులో వేలు పెట్టుకుని చూస్తున్నాడు. వాడు ఒక్క ఇటుక ముట్టుకోబోతే "ఉండరా, పడగొడతావు" అని కసిరాడు. గోడ మీద 'చేసి నేర్చుకుందాం' అని ఉంది. నేర్చుకుంటున్నాడుగా పాపం, నలభయ్యో ఏటికైనా.

వంటగదని పేరు పెట్టిన మూలలో ఒక తల్లి కూతురి చేత ప్లాస్టిక్ ఉల్లిపాయ కోయిస్తోంది. ఆ ఉల్లిపాయ తయారీలోనే రెండు చెక్కలు, మధ్యలో అతుక్కునే పట్టీ. ఇంట్లో వంటగది దరిదాపులకు రానివ్వని పిల్లకు ఇక్కడ పాకశాస్త్రం. "కోశాక ఆశ్చర్యపోవాలి కదమ్మా! ఇందాక వీడియో సరిగ్గా రాలేదు, మళ్ళీ ఆశ్చర్యపో," అంటూ ఆవిడ ఫోను ఎత్తి పట్టుకుంది. పిల్ల బుద్ధిగా మూడోసారి ఆశ్చర్యపోయింది.

ఇక బోర్డులు. అన్నీ ముట్టుకోమని పిలిచిన చోట, ముట్టుకోవద్దనే బోర్డులే ప్రూఫ్ రీడర్ కంటికి పదమూడు కనబడ్డాయి. తప్పుల బోర్డులు వేరే. 'నీటి ప్రయెగం' అని ఒకటి. 'గురుత్వాకర్శణ' అని ఇంకొకటి. మరుగుదొడ్ల పక్కన 'మీ పిల్లలను మీరే భరించవలెను' అని ఉంది. ఇది తప్పో ఒప్పో మాత్రం ఆయన తేల్చుకోలేకపోయాడు.

పసుపు ఏప్రాన్ తొడుక్కున్న అమ్మాయి ఒకతె నవ్వు మొహంతో ఎదురొచ్చింది. ఆయన ఆమెను ఆపాడు.

"చూడమ్మా, గుమ్మం మీద రాసింది తప్పు. చేయి చేసుకోవడం అంటే కొట్టడం."

"అవునా సార్? ఎనిమిది నెలల నుంచి ఉందది. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు."

"ఎవరూ చదవలేదు. అది వేరే సంగతి."

"రంగులు బాగున్నాయంటారు సార్ అందరూ," అంది ఆ అమ్మాయి, తప్పంతా ఆయన కళ్ళలోనే ఉన్నట్టు జాలిగా చూస్తూ.

మనవరాలు ఇదంతా వింటోంది. పొద్దుటి నుంచీ అది ఆయన ప్రతి మాటా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వింటోంది గానీ తనంతట తాను పలకలేదు. ఇప్పుడు మొదటిసారి నోరు విప్పింది.

"కొట్టడం అంటే కొట్టడం అనే అనొచ్చు కదా తాతయ్యా? చేయి చేసుకోవడం అని ఎందుకంటారు?"

ప్రూఫ్ రీడర్‌కు ప్రాణం లేచొచ్చింది. నాలుగు నెలల తరవాత పిల్ల ప్రశ్న అడిగింది, అదీ మాట మీద. "మనవాళ్ళు అన్నీ మొహం మీద అనరమ్మా," అన్నాడు హుషారుగా. "కొట్టినవాడి పరువు కాపాడుతూ చుట్టుతిప్పి అంటారు. నువ్వొక వాక్యం చెప్పు చూద్దాం. ఫలానావాడు ఫలానావాడి మీద, అలా రావాలి."

పిల్ల కాసేపు ఆలోచించింది. "తాతయ్య నా మీద చేయి చేసుకున్నాడు," అంది. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "కరెక్టేనా?"

ఏప్రాన్ అమ్మాయికి ఉన్నట్టుండి పక్క గదిలో పని గుర్తొచ్చింది.

"వాక్యం కరెక్టే," అన్నాడు ప్రూఫ్ రీడర్. తప్పు లేని వాక్యం మీద అంత అసహ్యం ఆయనకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

మనవణ్ణి ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. మనిషి బుడంకాయంతే గానీ చేసే పనులు గుమ్మడికాయంత. నీళ్ళ గదిలో పిల్లలు చెంబులతో నీళ్ళు తోడి చిన్న చక్రాల మీద పోసి తిప్పాలి. ఇంట్లో గ్లాసెడు నీళ్ళు ఒలికితే ఇల్లెగిరిపోయేలా అరిచే తండ్రులు, ఇక్కడ ఒలకబోయించడానికి పిల్లల్ని వరసలో నిలబెట్టారు. బుడంకాయ చక్రాన్ని చూశాడు, చెంబును చూశాడు, తాతయ్య బూటును చూశాడు. ఎక్కడ పోస్తే తమాషాగా ఉంటుందో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెంబెడు నీళ్ళూ బూటులోకి దిగాయి.

వెనక కట్టిన చేతుల్లో కుడిది సర్రున జారింది. జారిందే గానీ ముందుకు రాలేదు. ఈలోపే మనవరాలు ఎక్కడినుంచో ఊడిపడి తమ్ముడికీ తాతకూ మధ్య నిలబడింది.

"నేను తుడుస్తాను తాతయ్యా. వాడు కావాలని చెయ్యలేదు. ఒరే, సారీ చెప్పు. త్వరగా చెప్పు!"

సంచీలోంచి తువ్వాలు లాగి, మోకాళ్ళ మీద కూర్చుని, బూటు గబగబా తుడిచింది. ఎంత ఆరింద అయిపోయింది అనుకున్నాడు ఆయన. నాలుగు నెలల్లో ఎంత బాధ్యత, తమ్ముడంటే ఎంత ప్రేమ అని లోలోపల మురిసిపోయాడు. పొద్దుటి నుంచీ అంతే. వాడు ప్లాస్టిక్ క్యారెట్టు విరగ్గొడితే అదే వెళ్ళి అతికించింది. వాడు వరస తప్పితే చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఆనాటి దెబ్బ మరీ వృథా పోలేదేమోనన్న పాడు ఆలోచన కూడా ఒకటి ఆయన బుర్రలోకి తొంగిచూసింది. అక్షరం పక్కకు ఒరిగితే పట్టే కళ్ళు, ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్న పిల్లను మాత్రం తలకిందులుగా చదివాయి.

ఆఖరిది అచ్చు గది. చెక్క అక్షరాలు, సిరా మెత్తలు, తెల్ల కాగితాలు. ఆ మ్యూజియం మొత్తానికి ఆయన మనసారా క్షమించింది ఈ ఒక్క గదినే. బల్ల ముందు కూర్చుని, అక్షరం తిరగేసి ఉంటే అచ్చు సరిగ్గా ఎందుకొస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలైనా పూర్తి కాలేదు. వెనకనుంచి వీపు మీద దభీమని ఒక దెబ్బ పడింది. బుడంకాయ పెద్ద 'త'ను నల్ల సిరాలో ముంచి, తాతయ్య తెల్లచొక్కా మీద అచ్చేశాడు.

మనవరాలు ఒక్క దూకులో వచ్చి వాడి చేతిలోని అక్షరం లాక్కుంది. వాణ్ణి తన వెనక్కి తోసుకుంది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనే సరిగ్గా చూళ్ళేదు తాతయ్యా," అంది. "నాదే తప్పు."

ఆ మాటకు ఆయన చొక్కా సంగతి మర్చిపోయాడు. నాలుగు నెలలుగా మింగలేక కక్కలేక గొంతులో పెట్టుకు తిరుగుతున్నది బయటికొచ్చేసింది.

"నీది కాదమ్మా. ఆ రోజు కూడా నీది కాదు. నువ్వు చుట్టిన మూడింట్లో ఒకటి నిజంగానే తప్పు. నేను చూళ్ళేదు. నువ్వు చూశావు."

"'తరవాత' అని ఉండాలి. 'తరవత' అని ఉంది," అంది పిల్ల వెంటనే. "దీర్ఘం లేదు."

"నీకు తెలుసా?"

"దానికే కదా తాతయ్యా నిన్ను పిలిచాను."

"మరి ఆ తప్పు సంగతి మీ అమ్మకు చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నాను. నువ్వు పెద్దవాడివి కదా."

"తప్పు నాదే," అన్నాడు ప్రూఫ్ రీడర్. "కొట్టడం తప్పు. చెప్పకపోవడం ఇంకా తప్పు."

పిల్ల సరేనన్నట్టు తలూపింది. తమ్ముడి చెయ్యి మాత్రం వదల్లేదు. ఆయన అది గమనించలేదు, గమనించే స్థితిలో లేడు. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేనివాడు ఒకసారి ఒప్పుకున్నాడంటే, లోకమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనుకుంటాడు. ఈయనకూ ఒంట్లో తేలిగ్గా, కాస్త గర్వంగా కూడా అనిపించింది. దిద్దుబాటు అయిపోయింది, ఇక అచ్చుకు పంపడమే ఆలస్యం అనుకున్నాడు. పిల్లలిద్దర్నీ వెంటేసుకుని, వీపు మీద అంత పెద్ద 'త'తో, ఒక బూటు చప్ చప్‌మంటుండగా, ఊరేగింపులా గుమ్మం దగ్గరికి నడిచాడు.

నాలుగింటికి ఐదు నిమిషాల ముందే పళ్ళ డాక్టరు వచ్చింది. మూతి మాస్కు ఇంకా మెడలోనే వేలాడుతోంది. తండ్రిని పలకరించకుండా ముందు పిల్లల గడ్డాలు పట్టుకుని, ఇటొకసారి అటొకసారి తిప్పి, బుగ్గలు చూసింది. ఎక్కడా ఏమీ లేదు. తరవాత తండ్రి చొక్కా చూసింది, తడిసిన బూటు చూసింది, ఆశ్చర్యపోయింది. ఈ ఆశ్చర్యాన్ని ఎవరూ వీడియో తియ్యలేదు.

"కొట్టలేదమ్మా," అంది మనవరాలు, అడక్కముందే. "సారీ కూడా చెప్పాడు."

"నాన్నా?" అంది కూతురు. గొంతు మెత్తబడింది. ఆయన ఏదో అనబోయి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

కూతురు పిల్ల ముందు వంగి కూర్చుంది. "మరి వచ్చే శనివారం మళ్ళీ తాతయ్యతో వెళ్తావా? నీ ఇష్టం. ఎవరూ ఏమీ అనుకోరు."

"వెళ్తాను," అంది పిల్ల.

ప్రూఫ్ రీడర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. నాలుగు నెలల తరవాత ఆయనకు గుండెల నిండా ఊపిరి ఆడింది.

పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో నోరు పెట్టింది. పిల్లల రహస్యాలు వీధి చివరిదాకా వినబడతాయి. ఇదీ వినబడింది.

"కానీ తమ్ముణ్ణి పంపొద్దమ్మా. నేనైతే జాగ్రత్తగా ఉంటాను. వాడు చిన్నవాడు, తప్పులు చేస్తూనే ఉంటాడు."