పెళ్ళినాటి ట్యూబు

కాకినాడ రేవులో తెల్లారితే నడవడం కష్టం. వేటకెళ్ళిన మగాళ్ళ చేతులనుంచి ఒడ్డునున్న పెళ్ళాల చేతులదాకా సైకిల్ ట్యూబు కోసి చేసిన రింగులు సాగి ఉంటాయి మరి. చేపల బుట్టలవాళ్ళు వాటికింద వంగి, తిట్టుకుంటూ పోతారు. ఏటా వేట మొదలయ్యే రోజున మొగుడూ పెళ్ళాం ఒకే కొత్త రింగులో చేతులు దూర్చడం అక్కడి ఆనవాయితీ. ప్రాణంమీదికొస్తే ఆడమనిషి లాగుతుంది, మొగుడొచ్చి ఒడ్డున పడతాడు. లోవలక్ష్మి మాత్రం పెళ్ళిరోజు వేసుకున్న రింగునే ఏడేళ్ళుగా మార్చలేదు. మారిస్తే అచ్చిరాదని భయం, పిచ్చిది!

ఆ అక్టోబరులో గాలివాన పట్టింది. ఆమె మొగుడు గంగరాజు వెళ్ళిన బోటు ఇంజను ఆగి, ఎటో కొట్టుకుపోయింది. అదే బోటులో వెళ్ళిన రత్తమ్మ మొగుణ్ణి రత్తమ్మ నిన్ననే లాగేసింది. రింగు జూన్‌లో వేసింది కదా, జూన్ తర్వాతి సంగతులేవీ అతనికి గుర్తులేవు. బాగానే ఉన్నాడు, టీ తాగుతున్నాడు.

లోవలక్ష్మికి కాలు నిలవడం లేదు. ఇంట్లోకి, వీధిలోకి, మళ్ళీ రేవుకి. పొయ్యిమీద అన్నం మాడింది. ఆరేళ్ళ కూతురు చిన్నిని ఊరికే కసిరింది. చివరికి పిల్లని చంకనేసుకుని, రింగులు కోసే సైకిల్ షాపు రామకృష్ణ దగ్గరికి పరుగెత్తింది.

“లాగెయ్యమంటారా బాబుగారూ?”

రామకృష్ణ ఆమె చేతికున్న రింగుని తడిమి చూశాడు. “సాగడానికేముందమ్మా, బెల్లం పాకమూ సాగుతుంది. సాగి, మళ్ళీ మొదట ఎలా ఉందో అలాగయ్యేదే రబ్బరు. స్థితిస్థాపకత అని బళ్ళో చెప్పేది దాన్నే. నువ్వు లాగితే పెళ్ళినాటి మనిషొస్తాడు.”

“మరి చిన్నిని...”

“ఎరగడు.”

“లాగకపోతేనండీ?”

రామకృష్ణ సముద్రంమీద కమ్ముకున్న మబ్బుని చూపించాడు.

లోవలక్ష్మి నడిరోడ్డుమీదే భోరుమంది. చిన్నికి వాళ్ళ నాన్నంటే ప్రాణం. అతను ముద్ద కలిపి పెట్టందే తినదు. అయినా ఏం చేస్తుంది? రేవుకెళ్ళి, పిల్లని దింపి, రెండు చేతులా లాగింది.

గంగరాజు వచ్చి ఇసకలో పడ్డాడు. దగ్గి, లేచి కూర్చున్నాడు. జుట్టులో తెల్ల వెంట్రుక లేదు, చేతిమీద వల కోసిన మచ్చ లేదు. పెళ్ళాన్ని చూసి సిగ్గుగా నవ్వాడు.

“ఏమే, రాత్రికి రాత్రే ఇంతలా చిక్కిపోయావేంటి?”

“నాన్నా!” అంటూ చిన్ని వెళ్ళి మెడకి చుట్టుకుంది. గంగరాజు కంగారుపడి ఆ చేతులు విడదీశాడు.

“ఎవరే ఈ పిల్ల? నన్ను నాన్నంటుందేంటి?”

“నీ కూతురేనయ్యా!” ఏడుస్తూనే నవ్వింది లోవలక్ష్మి.

అతను పిల్లని ఎగాదిగా చూశాడు. చిన్ని నెమ్మదిగా వెనక్కి జరిగి, అమ్మ చీర పట్టుకుంది.

“ఈయన కాదమ్మా. మా నాన్నని లాగు.”