ఆదివారం ఎలుకలు

ప్రొఫెసరు గారికి పేరు తెచ్చిపెట్టింది ఎలుక మెదడులోని ఓ సన్నటి కణాల కట్ట. పెట్టెలో ఎలుకకి చిన్న షాకు ఇస్తారు. కొన్నాళ్లకి మళ్లీ అదే పెట్టెలో దింపితే అది భయంతో బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో మెదడులో తీగ పెట్టి వింటే ఆ కట్ట చిటపటలాడుతుంది. చోటు తాలూకు జ్ఞాపకం ఉండేది అక్కడేనని ఆవిడ రాసింది. ఆ మాట బడి పుస్తకాలకీ ఎక్కింది. ఇక ఆవిడకి ఎదురు చెప్పే గుండె ఎవరికుంటుంది?

ఆవిడ దగ్గర పరిశోధన చేసే ఒక్క పిల్లకి ఉండేది. ఇంట్లో చంటిబిడ్డ. భర్తకి సెలవున్న రోజున బిడ్డని అతనికి అప్పగించి వచ్చి ప్రయోగాలు చేసుకునేది. అందుకని అందరూ ఆమెని ఆదివారం పిల్ల అనేవారు. నలభై ఎలుకలతో చేసింది. అన్నీ బిగుసుకున్నాయి గానీ, ఒక్కదానిలోనూ కట్ట పలకలేదు.

"తీగ సరైన చోటే పెట్టాను మేడం. మెదడు కోసి చేసిన స్లైడ్లు చూడండి," అంటూ స్లైడ్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"చూడక్కర్లేదమ్మా. ఈ పనికి నీ చెయ్యి పనికిరాదు," అంది ప్రొఫెసరు, తలైనా ఎత్తకుండా. పిల్ల పెట్టె అక్కడే పెట్టి వెళ్లిపోయింది, నెల తిరక్కుండా పరిశోధనే మానేసింది. ఇది పదకొండేళ్ల కిందటి మాట.

ఈ ఏడు ఆ కట్ట అందరికీ మూగబోయింది. ప్రొఫెసరు తీగల్ని అనుమానించింది, శిష్యుల్ని అనుమానించింది, చివరికి ఎలుకల్ని కూడా వదల్లేదు. మూడు నెలలు ఇదే గోల. అంతలో, కొత్తగా రిటైరైన, ఎలుకలకి మేత పెట్టే తాత బీరువా తాళాలు అప్పగించడానికి వచ్చాడు.

"కొత్త మేత బండి బావుందమ్మా, చప్పుడే లేదు. నా బండి వరండాలో కిర్రుమంటే చాలు, పాపం ఎక్కడివక్కడ కొయ్యబారిపోయేవి. మీ షాకూ నా మేతా ఒకే వేళకి కదా!"

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారమ్మా?"

ప్రొఫెసరు లేచి వెళ్లింది. స్టోర్‌రూమ్‌లోంచి పాత బండిని తనే లాక్కొచ్చింది. పాత బండి రోజుల్లో షాకు తిన్న ఎలుకలు నాలుగు ఇంకా మిగిలున్నాయి. షాకు పెట్టెలో కాదు, వాటి గూళ్లలోనే ఉన్నాయి. బండి కిర్రుమనగానే నాలుగింటిలోనూ కట్ట చిటపటలాడింది. అది గుర్తుపెట్టుకున్నది చోటుని కాదు, చక్రం చప్పుడుని. తాత శనివారమే రెండు రోజుల మేత పెట్టేవాడు. ఆదివారం బండి కదిలేదే కాదు.

అలమర పైన దుమ్ముకొట్టుకున్న పెట్టె దింపి నలభై స్లైడ్లూ చూసింది. ఒక్క తీగా వెంట్రుకవాసి పక్కకి పోలేదు. తన వ్యాసం తప్పని పత్రికకి ఆ రోజే రాసేసింది. పరువు పోతే పోయింది. కష్టమైన పని ఇంకోటుంది.

ఆదివారం పిల్ల ఇప్పుడో హైస్కూల్లో సైన్సు టీచరు. ప్రొఫెసరు వెళ్లేసరికి పిల్లల కోసం ఉల్లిపొర స్లైడ్లు సిద్ధం చేయిస్తోంది. పొర తీస్తున్నది మాత్రం అటెండరు.

ప్రొఫెసరు నిలబడే అంతా చెప్పింది. "తప్పు నాదమ్మా. నీ స్లైడ్లు అప్పుడే చూడాల్సింది. చూడలేదు."

టీచరు ఆవిడ వైపు తిరిగింది.

"మీ పాఠం ఏటా నేనే చెప్తాను మేడం. నాకు మాత్రం ఆ ప్రయోగం రాలేదర్రా, నా చెయ్యి అలాంటిది అంటాను. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను." తన చేతుల వంక చూసుకుంది. "అప్పట్నుంచి ఒక్క స్లైడూ పెట్టలేదు. అన్నీ ఈయన చేతే చేయిస్తాను."

ప్రొఫెసరు సిగ్గుతో చితికిపోయింది. క్షమించమని అడగడానికే వచ్చింది గానీ, అది మానేసింది. స్టూలు లాక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

"ఒక్కటి పెట్టమ్మా. నేను చూస్తాను."

టీచరు తటపటాయించింది. తర్వాత అటెండరు చేతిలోంచి పట్టకారు తీసుకుంది. పొర లాగి, నీటిచుక్కలో పరిచి, పైన పల్చటి గాజుబిళ్ల మెల్లగా వాల్చింది. వేళ్లు మొదట్లో వణికాయి, ఆ తర్వాత వణకలేదు.

ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి కన్ను ఆనించింది. ఒక్క గాలిబుడగ లేదు. కణాలన్నీ వరసగా, గోడలతో సహా స్పష్టంగా కనిపించాయి. కాసేపటికి మసకబారాయి. స్లైడు తప్పు కాదది. ఆవిడ ఏడుస్తోంది.