సైలెన్సర్ వైపు కట్టిన మూట

ఆరోన్ కొత్త బండి కొన్న ఆదివారం, ఆరాధన అయ్యాక అయ్యగారు చర్చి బయటికి వచ్చి, దాని ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బండినే చూస్తున్నాను.

దానికి ముందు తొడుగు లేదు, పక్కన మూతలు లేవు. ఇంజను, గొట్టాలు, చైను అన్నీ బయటికే ఉన్నాయి. చొక్కా విప్పి పనిలోకి దిగిన మనిషిలా ఉంది. నాకు నచ్చింది. నచ్చకపోతే ఈ కథే లేదు.

ఆరోన్ నా భార్య దీవెనకి తమ్ముడు. కడియంలో మా ముగ్గురికీ ఒకే మొక్కల నర్సరీలో పని. ఆమెన్ అనగానే వాడు తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు తోలు బావా."

"నాకెందుకురా."

"ఎక్కవయ్యా రత్నం! నీ మోపెడ్‌కి మేం చెప్పంలే," అంది మా నర్సరీలోనే పనిచేసే సూరమ్మ పిన్ని. అందరూ నవ్వారు.

కాలువ గట్టు మీదుగా వేమగిరి దాకా వెళ్లాను. గట్టు గుంతల్లో రెండో గేరులో బుద్ధిగా నడిచింది. హైవే ఎక్కి మణికట్టు కాస్త తిప్పితే లారీలు వెనక్కి పోయాయి. తిరిగి వస్తూ నర్సరీ సందులోకి పోనిస్తే, మొక్కల వరసల మధ్య కాలు కింద పెట్టకుండా మలుపు తిరిగింది. గట్టుకీ, టౌనుకీ, దూరానికీ అదొక్కటే చాలు. నాకు నలభై ఆరేళ్లు. అలాంటి బండి మీద నేను కూడా సరిపోతానని అంతవరకు తెలియదు.

"ఎలా ఉంది బావా?"

"బాగానే ఉంది," అని తాళం ఇచ్చేశాను.

నర్సరీలో నాకంటూ ఒక పని ఉండేది. వానాకాలం మామిడి అంట్లు కట్టడానికి పట్టిసీమ దగ్గర ఒక తోట నుంచి మంచి రకం చెట్ల పుల్లలు తేవాలి. పది రోజుల ముందు వెళ్లి కొమ్మల చివర ఆకులు తుంచి వస్తాను. మొగ్గ ఉబ్బాక కోసి, తడి గోనెలో చుట్టి, మోపెడ్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని గోదావరి దాటి తెస్తాను. పదహారేళ్లుగా అంతే. నేను చూసి "ఊఁ" అన్న పుల్లకే ఆడవాళ్లు కత్తి పెడతారు.

ఆ ఏడు నర్సరీ యజమాని జానకిరామ్ గారు పిలిచి, "రత్నం, నువ్వు కొయ్యి చాలు. ఆరోన్ తెస్తాడు. నువ్వొచ్చేలోగా వాడు రెండుసార్లు తిరుగుతాడు," అన్నారు.

"అలాగేనండి," అన్నాను.

తోటలో పుల్లలన్నీ నేనే కోశాను. నేనే చుట్టాను. మూట కట్టింది ఆరోన్. ఆ బండికి కాళ్ల దగ్గర చోటు లేదు, వెనక క్యారియరూ లేదు. సీటు మీద అడ్డంగా వేసి తాడు బిగించాడు. మూట బరువంతా కుడివైపు జారి సైలెన్సర్ మీదికి వేలాడింది. అక్కణ్ణించి కడియం దాకా ఆ వేడి మీదే ఉంటుంది. పుల్ల ఉడికిపోతుంది. ఇది మొక్కల పనిలో ఉన్నవాడికి చెప్పక్కర్లేదు. కానీ వాడు ఆ క్షణంలో మొక్కలవాడు కాదు, బండివాడు.

"చూడు బావా, సరిపోయిందా?"

ఎడం వైపుకి జరపరా అనాలి. అంతే.

"ఊఁ," అన్నాను.

వాడు వెళ్లిపోయాడు. ఆ శబ్దం కొవ్వూరు రోడ్డెక్కేదాకా విన్నాను.

నేను మోపెడ్ మీద చేరేసరికి షెడ్డులో సగం అంట్లు కట్టేశారు. గోనె వేడిగా ఉందేంటని సూరమ్మ పిన్ని అడిగిందట. "ఎండ పిన్నీ. బావ చూసి ఊఁ అన్నాడు," అన్నాడట ఆరోన్. దాంతో నీళ్లు చల్లి మొదలుపెట్టారు. దీవెన టెంక నుంచి మొలిచిన మొక్కని చీల్చి, అందులో పుల్ల దించి, టేపు చుడుతోంది. ఆపమనడానికి అప్పుడు కూడా వేళ మించిపోలేదు. గడప దగ్గర నిలబడి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

మూడు వారాలకి ఒక్క మొగ్గా విచ్చలేదు. టేపు విప్పితే లోపల నల్లగా ఉంది. అంటు కట్టే అదను దాటిపోతోంది. జానకిరామ్ గారు అందర్నీ షెడ్డులోకి పిలిచారు.

"మూట ఎలా తెచ్చావురా?"

ఆరోన్ బండి వంక చూశాడు. వాడికి అప్పుడే అర్థమైంది. తర్వాత నా వంక చూశాడు. అదీ అర్థమైంది.

"సైలెన్సర్ మీద పడిందండి. తప్పు నాదే."

"రత్నం చూశాడన్నావుగా?" అంది సూరమ్మ పిన్ని.

"అబద్ధం చెప్పాను పిన్నీ. బావకి చూపించలేదు."

"బండి కొన్నాక మనిషివి కాకుండా పోయావేరా!" అన్నారు జానకిరామ్ గారు. "ఇక నువ్వు తోట వైపు వెళ్లకు. రత్నం, నీ పని నువ్వే చేసుకో."

నేను కోరుకున్నది అదే. వచ్చింది. కానీ ఆరోన్ తల వంచుకుని నిలబడితే, దీవెన తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఒళ్లు మండింది. బండి వాడిదే. ఇప్పుడు ఈ మంచితనం కూడా వాడిదేనా? దాన్ని కూడా నేను వాడి దగ్గర పుచ్చుకోవాలా?

"చూశానండి," అన్నాను.

జానకిరామ్ గారు వెనక్కి తిరిగారు. "ఏంటి?"

"వాడు చూపించాడు. మూట సైలెన్సర్ మీద ఉందని చూశాను. చూసే ఊఁ అన్నాను."

దీవెన చెయ్యి తమ్ముడి భుజం మీదే ఆగిపోయింది.

"ఎందుకు బావా?"

"నీ బండి బాగుందిరా. నాకు కావాలనిపించింది."

"అడిగితే రోజూ ఇచ్చేవాణ్ణి కదా!"

"ఇస్తావని తెలుసు. అదే నాకు పడలేదు."

జానకిరామ్ గారు బయటికి వెళ్లిపోయారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. దీవెన నా పక్క నుంచే వెళ్లింది, చూడకుండా. నేను కింద కూర్చుని మొదటి మొక్క సంచి దగ్గరికి లాక్కుని టేపు విప్పడం మొదలుపెట్టాను. కుళ్లిన పుల్ల తీసేస్తే కింద టెంక మొక్కయినా బతుకుతుంది.