మెల్లకన్ను పులి

నా మొగుడు ఆదిశేషు మంచివాడంటే నేను కాదనను. చేతిలో సుత్తి ఉన్నప్పుడు మాత్రం అతని జోలికి వెళ్ళొద్దంటాను. ఒడియా కొండల్లో, సెమిలిగుడ జంక్షనులో పరాయివాడి షెడ్డులో టింకరింగు పని అతనిది. గుద్దుకుని వచ్చిన బండ్ల రేకులు బాది బాది సాపు చేస్తాడు. అలాంటి మనిషికి కోపం ముక్కు మీద ఉండదు, మణికట్టులో ఉంటుంది. మా పికప్పు బండి కొన్న రోజే ఆ కోపం ఒకడి ముక్కు బద్దలు కొట్టింది.

ఆ రోజు మేము రాయగడ వెళ్ళాం. అక్కడ విశ్వనాథ్ గారని పెద్ద కాంట్రాక్టరు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఎస్టేటు వ్యవహారాలు చూసినవాళ్ళు. ఆయన కారుకి సొట్ట తీయాలని ఆదిశేషుని పిలిపించారు, అటునుంచటు మా పిన్ని ఇంటికి పోదామని నేనూ వెంటపడ్డాను. గోదాము వెనక ఒక పికప్పు, నాలుగు చక్రాల్లోనూ గాలి లేక పొట్ట మీద కూర్చుని ఉంది. ఒకడు గ్యాసు కట్టరు వెలిగించి దాని తలుపు కోయడానికి వంగాడు.

"ఆగరా! దానికింకా పేనముంది!" అని ఆదిశేషు అరిచాడు.

వాడు ఆగలేదు. నా మొగుడు వెళ్ళి గ్యాసు గొట్టాన్ని ఒక్క తన్ను తన్ని, వాడి కాలరు పట్టుకుని ఆ తలుపుకే కొట్టాడు. వాడూ తక్కువ తినలేదు, పానా తీసి ఇతని భుజం మీద ఒక్కటిచ్చాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. వాడి ముక్కులోంచి రక్తం, ఇతని పళ్ళ మధ్య మన్ను. విశ్వనాథ్ గారు వరండాలో నిలబడి టీ తాగుతూ అంతా చూశారు. గొడవ చల్లారాక, "అంత ముచ్చటగా ఉంటే ఇనుము ధర ఇచ్చి నువ్వే తీసుకో. కానీ ముక్కలు చేసి అమ్ముకో. ఆ బండి మళ్ళీ రోడ్డు మీద కనబడిందని నా చెవిన పడకూడదు" అన్నారు.

"అలాగే బాబూ" అన్నాడు నా మొగుడు. మనసులో వేరే లెక్క వేసుకున్నాడని నాకు అప్పుడే తెలుసు. పెద్దవాళ్ళకి అదో పట్టింపు అనుకున్నాం. లారీ వెనక గొలుసు కట్టి కొండల మీదుగా సెమిలిగుడ లాక్కొచ్చాం. కాయితాలు లేవు. ఈ కొండల్లో సంత బండ్లకి కాయితాలు అడిగేవాడెవడు?

ఇక మా ఇంటి ముందు యుద్ధం మొదలైంది. సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టాయి, వాటిని పారతో చంపింది నేనే. ఇంజను బిగుసుకుపోయింది. డీజిలూ కిరసనాయిలూ కలిపి లోపల పోసి, రోజూ డ్యూటీ నుంచి రాగానే ఇనప కడ్డీ దూర్చి, దాని మీద ఎక్కి తొక్కేవాడు. కడ్డీ జారి ఒకసారి దవడ పగిలింది. అరచేతులు తోలు ఊడి పచ్చి మాంసంలా ఉండేవి. నేను సునాబెడలో రోడ్లు ఊడ్చి, నడుము విరిగి ఇంటికొస్తే, "సిలకా, బ్రేకు తొక్కు... పట్టు... ఒగ్గీ" అని, తొక్కి వదలడానికి నన్నూ బండెక్కించేవాడు. నాకు చీర కొంటే అంచు ఏ రంగో చూడని మనిషి, ఆ బండి తలుపు నీలం కోసం మూడు ఊళ్ళు తిరిగాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా తొక్కేదాన్ని. ఎందుకంటే ఆ బండి నడిస్తే అతను ఇంకొకడి షెడ్డులో తిట్లు తినక్కర్లేదు. పదిహేనేళ్ళుగా తింటున్నాడు. ఆ తిట్లు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చునేవి.

ఇంజను మొదటిసారి పలికిన రోజు నల్లటి పొగ మా వీధంతా కమ్మింది. ఆదిశేషు బోనెట్టు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అంతటి సంతోషం నా మూలంగా అతనికి ఎప్పుడూ కలగలేదని నాకు కొంచెం ఏడుపొచ్చింది.

మా జంక్షనులో బండ్లకి రంగులూ బొమ్మలూ వేసేది సౌమ్యరంజన్. వెనక డాలా, అంటే సరుకు దించడానికి కిందికి వాలే తలుపు, దాని మీద పాత బొమ్మ ఒకటి వెలిసిపోయి ఉంది. అమ్మవారి పులి. కింద ఒడియాలో 'మా ఠాకురాణి' అని రాసి ఉంది. ఆ పులి గీసినవాడు ఎవడో గాని, దానికి మెల్లకన్ను పెట్టాడు. ఒక కన్ను రోడ్డుని చూస్తుంది, ఒకటి ఆకాశాన్ని. సౌమ్యరంజన్ పగలబడి నవ్వి, ఇది చెరిపేసి మంచి పులిని గీస్తానన్నాడు.

"అమ్మోరి పేరు మీదున్న బొమ్మ సెరిపేత్తే ఆ తల్లి ఊరుకుంటాదేటి? ఉన్నదున్నట్టు దిద్దు. మెల్లకన్నూ అలాగే ఉంచు" అన్నాడు ఆదిశేషు.

బండి మీద రాసిన దేవుణ్ణి చెరపకూడదని మా డ్రైవర్లూ మెకానిక్కులూ అందరూ నమ్ముతారు. నేనూ నమ్ముతాను. సౌమ్యరంజన్ భుజాలెగరేసి, పాత గీత మీదే కొత్త గీత వేసుకుంటూ పోయాడు. పులి నిన్ననే పుట్టినట్టు మెరిసింది.

మొదటి కిరాయి కుందుర దగ్గర సంతకి. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. సరుకు ఎక్కించుకోవడానికి ఆదిశేషు బండిని వెనక్కి నడిపి, పసుపు కొమ్ములూ అల్లమూ పోసుకుని కూర్చున్న ఆడవాళ్ళ వైపు డాలా ఉండేలా ఆపాడు. దిగి, కొత్త రంగు మీద దుమ్ము పడిందని భుజం మీది తువ్వాలుతో తుడుస్తున్నాడు.

ఒక ముసలామె ముందు చూసింది. పక్కనున్నామెని గిల్లింది. ఆ వరసలోంచి నా ఈడు మనిషి ఒకామె లేచి వచ్చింది. ఆమె పేరు కుంతి అని తర్వాత తెలిసింది. తువ్వాలు పట్టుకున్న నా మొగుడి చేతిని పక్కకి నెట్టి, అరచేతిని పులి మొహం మీద పెట్టింది. తీసింది. మళ్ళీ చూసింది. అప్పుడు ఆమె గొంతులోంచి వచ్చిన అరుపు విని పశువులు కట్టుకొయ్యలు లాక్కున్నాయి.

"ఇదే బండి! ఇదే!" అని దేశియాలో అరుస్తోంది. కొండల్లో అందరూ మాట్లాడే మాట అది, నాకూ వచ్చు. మూడేళ్ళ కిందట ఇదే సంతలో ఒక బండి ఆడవాళ్ళ వరస మీదికి దూసుకొచ్చింది. కుంతి కూతుర్ని తొక్కి, ఆగకుండా పోయింది. ఇక్కడివాళ్ళకి నెంబరు చదవడం రాదు. పారిపోతున్న బండి వెనక వాళ్ళకి కనిపించింది ఆ మెల్లకన్ను పులి ఒక్కటే. ఇదంతా ఆ కేకల్లోనే నాకు అర్థమైంది. అర్థమయ్యేలోపే నా మొగుడు కింద పడ్డాడు.

ఎవరు ముందు కొట్టారో నేను చూడలేదు. ఒక కావడి బద్ద గాల్లోకి లేవడం చూశాను. అది అతని ఎడమ చేతి మీద దిగిన చప్పుడు విన్నాను. పచ్చి కట్టె విరిగినట్టు విరిగింది. తర్వాత కాళ్ళే. కడుపులో, వీపులో, మొహం మీద. ఒకడు రాయి తెచ్చాడు. ఆదిశేషు మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని, "నాను కాదు బాబూ, నాను కాదు" అంటున్నాడు. నోట్లోంచి రక్తం బుడగలు వస్తున్నాయి. నేను మధ్యలో దూరితే జుట్టు పట్టి ఈడ్చి పడేశారు. నేను మళ్ళీ దూరాను. మళ్ళీ పడేశారు. బండి కింద డీజిలు పోసి మనిషినీ బండినీ కలిపి తగలబెట్టమని ఒకడు కేకేశాడు.

అప్పుడు నాకు ఒక్కటే తోచింది. వీళ్ళకి ఏదో ఒకటి చావాలి. నా మొగుడైతే వీల్లేదు.

సీటు కిందనుంచి చక్రాలు విప్పే పానా లాగి, బోనెట్టు ఎక్కి, ముందు అద్దం మీద నా బలమంతా పెట్టి కొట్టాను. అద్దం పొడిపొడిగా రాలింది. ఆ చప్పుడికి అందరూ తలలెత్తారు. రెండో దెబ్బకి లైటు, మూడో దెబ్బకి నీలం తలుపు. నెలల తరబడి నా బతుకుని తినేసిన బండి అది. అబద్ధం ఎందుకు, కొడుతుంటే హాయిగానే ఉంది.

జనం ఆగారు. ఆగనిది నా మొగుడొక్కడే.

"దాన్నొగ్గీయే సిలకా! నన్ను సంపీయండి, దాన్నేటీ సెయ్యకండి!" అని నేలమీద పాకుతూ ఏడ్చాడు.

కుంతి అతని పక్కన గొంతుక్కూర్చుంది. "ఇనుము కోసం ఇలా ఏడుస్తున్నావు" అంది. "నా బిడ్డ కోసం ఇక్కడికి ఎవరూ రాలేదు."

నేను పైనుంచే చెప్పాను, ఈ బండి రాయగడలో విశ్వనాథ్ అనే పెద్దమనిషి దగ్గర కొన్నామని, ఆ రోజు నడిపింది మేము కాదని.

కుంతి నా వైపు చూసింది. "ఆయన రాయగడలో ఉన్నాడు. మీరు ఇక్కడ ఉన్నారు" అంది.

నేను పానా కింద పడేసి బోనెట్టు దిగాను. అంతలో పోలీసు జీపు వచ్చింది.

ఠాణాలో ఎవరో ఆదిశేషు చేతికి వెదురు బద్దలు కట్టారు. బండిని జీపుకి కట్టి లాక్కొచ్చి ఆవరణలో పడేశారు. అక్కడ ముందే చాలా బండ్లున్నాయి. కేసుల్లో చిక్కుకుని, తీగలు పాకి, చక్రాలు మట్టిలో కలిసిపోయినవి. నా మొగుడు కిటికీలోంచి వాటినే చూస్తున్నాడు. కుంతి గుమ్మం దగ్గర నేలమీద కూర్చుంది.

ఎస్సై ఒడియాలో అడిగాడు. "చూడు, సంతలో మాటా మాటా పెరిగి కొట్టుకున్నారంటావా, రేపు బండి తోలుకుపో. పిల్లని చంపిన బండి ఇదేనంటావా, కోర్టు తేల్చేదాకా ఆ మూల పడి ఉంటుంది. ఎన్నేళ్ళో నేను చెప్పలేను. ఏమంటావ్?"

"సంతలో గొడవే బాబూ. ఈ బండి ఎక్కడ్నుంచొచ్చిందో నాకేటీ తెల్దు" అన్నాడు ఆదిశేషు, ఒడియాలోనే.

కుంతి కదల్లేదు. అలాంటి మాటలు వినడం ఆమెకి అలవాటైనట్టుంది.

"అబద్ధం" అన్నాను. "రాయగడ విశ్వనాథ్ గారి గోదాములో..."

మిగతాది నోట్లోనే ఉంది. మంచి చేత్తో నా మొహం మీద కొట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా మీద చెయ్యెత్తడం అదే మొదలు. టింకరు చెయ్యి. పెదవి చిట్లి పన్ను కదిలింది, వెనక గోడకి తల తగిలింది. కానిస్టేబులు లాఠీ తీసేలోపు నేను రక్తం మింగి మళ్ళీ మొదలుపెట్టాను.

"విశ్వనాథ్ గారి గోదాములో ఈ బండి దాగుంది. ముక్కలు సేసేయమన్నాడు. మావ సెయ్యలేదు. ఇంకొక్క దెబ్బ కొట్టు మావా, మళ్ళీ ఇదే సెప్తాను."

ఆదిశేషు ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. అతను నన్ను చూశాడు, నా గడ్డం మీద కారుతున్నది చూశాడు. నేలమీద కూలబడ్డాడు.

"ఆవుని గుద్దింది అన్నారు బాబూ" అన్నాడు చివరికి. ఒడియా వదిలేసి మా తెలుగులోకి దిగిపోయాడు. "ఆయన డ్రైవరు అలాగే సెప్పేడు. నాను పదిహేనేళ్ళ టింకర్ని. ఆవైతే బోనెట్టు అంచుకి తగుల్తాది, రేకు పైనుంచి కిందికి మడుస్తాది. ఇది అలా నేదు. ఎడమ పక్కన, బాగా కిందన, గుండ్రంగా లోనకెల్లిపోయింది. సుత్తి పట్టుకున్న రోజే నాకు తెలిసిపోనాది. తెలిసే సాపు సేసీసేను."

ఆ సొట్ట తీసిన రోజు నేను అతనికి టీ ఇచ్చాను. రేకు అవతల నుంచి దన్నుగా చెక్క కూడా పట్టుకున్నాను. అతను ఒక్క మాట అనలేదు.

కుంతి గుమ్మం దగ్గర్నుంచి లేచి వచ్చింది. అతనేమంటున్నాడని నన్నడిగింది. ఎస్సైకీ తెలిసేలా దేశియాలో చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అతని ఎదురుగా కూర్చుని, ఆ సొట్ట ఎంత ఎత్తులో ఉందని అడిగింది.

ఆదిశేషు నన్ను కొట్టిన చేతినే చాపి, నేల నుంచి అంత ఎత్తులో బోర్లా పెట్టి చూపించాడు. కుంతి దాన్ని కాసేపు చూసింది. తర్వాత తన అరచేతిని అతని చెయ్యి మీద పెట్టి, మెల్లగా కొంచెం కిందికి నొక్కింది.

"నా బిడ్డ ఇంతే ఉండేది" అంది.

నా మొగుడు చెయ్యి అక్కడే ఉంచాడు. ఎస్సై రాసుకోవడం మొదలుపెట్టాడు.