తాళం వేసిన బరువు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది. కడపలో ఒక ఎముకల ఆసుపత్రిలో పరికరాల టెక్నీషియన్‌ని. పేరు శివశంకర్. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. బోరు మోటర్లు విప్పి బిగించడం అక్కడే పట్టుబడింది, డిప్లొమా తర్వాత వచ్చింది. ఆసుపత్రిలో మంచం కిర్రుమన్నా, చక్రాల కుర్చీ ఒక పక్కకు లాగినా నన్ను పిలుస్తారు. పిలవకపోయినా వెళ్లి ఏదో ఒకటి మారుస్తాను.

నేను మార్చినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ట్రాక్షన్ పెట్టె. తొడ ఎముక విరిగితే చుట్టూ ఉన్న కండలు బిగుసుకుని, విరిగిన ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి ఎక్కిస్తాయి. కాలు కురచవుతుంది. ఇప్పుడు చాలామందికి ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేసేస్తున్నారు. మత్తు తట్టుకోలేనివాళ్లకు మాత్రం పాత పద్ధతే. మోకాలి కింద ఎముకలో పిన్ను దూర్చి, దానికి తాడు కట్టి, ఆ తాడును మంచం చివర కప్పీ మీదుగా వేసి బరువు వేలాడదీస్తారు. ఆ బరువు ఆగకుండా కాలిని లాగుతూనే ఉండాలి.

ఆగకుండా అన్నచోటే తంటా. రోగి మూలిగితే పక్కనున్నవాళ్లు జాలిపడి బరువును స్టూలు మీద పెడతారు. ఊడ్చేవాళ్లు చీపురుకు అడ్డమని పక్కకు జరుపుతారు. పరామర్శకు వచ్చినవాళ్ల పిల్లలు పట్టుకుని ఊపుతారు. తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది. చివరికి ఇనుప రేకుతో నిలువు పెట్టె ఒకటి చేశాను. బరువు దాని లోపల వేలాడుతుంది. ముందు గాజు కిటికీ, దానికో తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి నా జేబులో. డాక్టర్ తనూజ మేడమ్ చూసి "బాగుంది శివశంకర్, వాడి చూద్దాం" అన్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, రోజూ ఆ పెట్టెను గుడ్డతో తుడిచేవాణ్ణి.

దాన్ని మొదట బిగించింది నరసన్న మంచానికి.

నరసన్నది ఒంటిమిట్ట దగ్గర మాధవరం. నేతపని. వయసు అరవై దాటింది. రోడ్డు దాటుతుంటే మోటార్ సైకిల్ గుద్ది కుడి తొడ విరిగింది. గుండె బలహీనంగా ఉందని మత్తు డాక్టరు ఆపరేషన్ వద్దన్నాడు. అతనిది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, కింద ఉన్న చెక్కల్ని రెండు పాదాలతో మార్చి మార్చి తొక్కాలి.

"కాలు కురచైతే చెక్క అందదు గదా మేడం," అని మొదటి రోజే అడిగాడు. "మగ్గం తప్ప నాకు ఇంగో పని రాదు."

మేడమ్ దాచలేదు. ముక్కలు అంగుళంన్నర ఎక్కి ఉన్నాయనీ, మూడు వారాల లోపల లాగి సరిచేయాలనీ, ఆ తర్వాత కొత్త ఎముక పట్టుకుంటుంది కాబట్టి ఎంత బరువు వేసినా కదలదనీ చెప్పారు.

"అయితే మూడు వారాలు. ఓర్చుకుంటా," అన్నాడు నరసన్న.

తోడుగా ఉన్నది అతని భార్య సుబ్బక్క. మందులు తెచ్చి అప్పుడే లోపలికి వచ్చింది. "అమ్మా, ఈ పెట్టెను తాకొద్దు," అని చెప్పాను. ఆమె తల ఊపింది. నా పని అయిపోయిందనుకున్నాను.

వారానికి ఎక్స్‌రే తీస్తే ముక్కలు ఏ కొంచెమో కదిలాయి. రెండో వారం తీస్తే అదీ లేదు.

"నీ పెట్టెలో బరువు ఎక్కడో తగులుకుంటోందేమో చూడు," అన్నారు మేడమ్.

నాకు ఒళ్లు మండింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. రామేశ్వరమ్మ సిస్టర్ మంచం ఎత్తు సరిగ్గా పెట్టలేదన్నాను. ఎక్స్‌రే తీసినవాడు కాలు వంకరగా పెట్టాడన్నాను. అయినా లోపల దిగులు పట్టుకుని కప్పీ మార్చాను, పెట్టె గోడలు గీకి నున్నగా చేశాను. బరువును క్యాంటీన్‌కు తీసుకెళ్లి కూరగాయల కాటా మీద తూచాను. ఎనిమిది కిలోలు, గ్రాము తేడా లేదు. పగలు ఎప్పుడు వెళ్లి చూసినా తాడు బిగువుగానే ఉంది. పదహారో రోజు మేడమ్ "రేపు నీ పెట్టె తీసేద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం పక్క మంచం కింద దూరి చక్రం బిగిస్తున్నాను. వార్డులో లైట్లు వేశారు. సుబ్బక్క లేచి లైటుకు దండం పెట్టుకుంది. తర్వాత మంచం చివరికి వచ్చి, తాడు పట్టుకుని జానెడు లాగి, చీర అంచు పేలికతో మంచం కమ్మీకి ముడి వేసింది. ఒక్క లాగుతో విడిపోయే ముడి. దాని మీద దుప్పటి కప్పింది. పెట్టెలో బరువు జానెడు పైకి లేచి ఆగింది. కాలి దగ్గర తాడు వదులుగా పడింది. "ఇంగ పండుకో," అంది మొగుడితో.

నేను మంచం కింది నుంచి ఎట్లా బయటికి వచ్చానో నాకే తెలియదు.

"నీకు బుద్ధుందా?" అని అరిచాను. వార్డులో పన్నెండు మంచాలు, పన్నెండూ ఇటు తిరిగాయి. "రెండు వారాలు నాశనం చేసినావు గదా! మీ ఆయన కాలు కురచైతే నువ్వు చేసిందే. నీ చేతులారా చేసిందే!"

సుబ్బక్క చేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడింది. నరసన్నే మాట్లాడాడు.

"దాన్నేమీ అనాకు సారూ. నేనే జెయ్యమన్యా. మగ్గం మీద పడుగు రాత్రంతా బిగిచ్చి పెడితే పోగులు తెగుతాయి. పొద్దు గూకినాక వదులు జేసి తెల్లారి బిగిచ్చుకుంటాము. మా తాతల కాడి నుంచి అంతే. కాలు గూడా అంతే గదా అనుకుంటిమి. పెట్టెను తాకొద్దు అంటిరి, తాకల్యా. తాడును గదా పట్టుకునింది."

అరుపులు విని మేడమ్ వచ్చారు. ముడి చూశారు, నరసన్న మాట విన్నారు.

"బరువు ఎందుకో, రాత్రి కూడా ఎందుకో వీళ్లకు ఎవరైనా చెప్పారా?"

రామేశ్వరమ్మ సిస్టర్ నా వైపు చూసింది. మేడమ్ కూడా "నేనూ చెప్పలేదు" అన్నారు మెల్లగా. నేను మాత్రం ఆ పూట ఒప్పుకోలేదు. తాకొద్దన్నాను కదా, ఇంకేం చెప్పాలి అనే అనుకున్నాను.

మేడమ్ స్టూలు లాక్కుని సుబ్బక్క ఎదురుగా కూర్చున్నారు. "కండ పోగులాంటిది కాదమ్మా. వదిలితే విశ్రాంతి తీసుకోదు, ముడుచుకుంటుంది. పగలంతా లాగింది రాత్రికి వెనక్కి పోతుంది," అన్నారు. సుబ్బక్క "అట్నా" అని ఒక్క మాట అని, తనే వెళ్లి ముడి విప్పింది. మేడమ్ ఇంకో కిలోన్నర వేయించారు. చేతిలో ఐదు రోజులున్నాయి.

ఆ ఐదు రోజులూ సుబ్బక్క సరిగ్గా పడుకోలేదు. కాసేపటికోసారి తాడు మీద వేలు ఆనించి చూసేది. రెండో రోజు పొద్దున నన్ను పిలిపించింది.

"సారూ, బిగువు ల్యా."

గాజులోంచి చూశాను. బరువు నిక్షేపంలా వేలాడుతోంది. "అంతా బాగుందమ్మా," అన్నాను.

"ల్యా సారూ. ఏలు పెట్టి సూడు."

కాలి దగ్గర వేలు పెట్టాను. తాడు మెత్తగా ఉంది. దుప్పటి తీసి చూస్తే నరసన్న మంచం మీద కిందికి జారాడు. పిన్ను దగ్గరి తాడును బరువు తాడుతో కలిపే కొక్కెం వచ్చి కప్పీకి ఆనుకుంది. బరువు లాగుతున్నది కప్పీని, కాలిని కాదు. నా పెట్టె చూస్తే మాత్రం ఏ లోపమూ లేదు, అట్లాగే ఏడాది వేలాడినా లోపం కనిపించదు. నరసన్నను పైకి జరిపి, మళ్లీ జారకుండా మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాం. ఐదు రోజుల్లో ఆమె మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ ఆమె చెప్పిందే నిజం.

పాత సామాన్లు కొనేవాళ్ల దగ్గర కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా ఉంటుంది. అలాంటిది ఒకటి తెచ్చి కాలికీ కప్పీకీ మధ్య తాడులో కట్టాను. తొమ్మిదిన్నర దగ్గర ఎర్ర రంగుతో గీత గీశాను. ముల్లు గీత మీద ఉంటేనే బరువు కాలిని లాగుతున్నట్టు. పెట్టెకు తాళం తీసేశాను. ఇప్పుడు మా వార్డులో అలాంటివి నాలుగున్నాయి. మేడమ్ రాసి పెట్టమంటే రాశాను. ఆ కాగితంలో 'రోగి వెంట ఉన్నవారు గమనించారు' అని ఒక వాక్యం ఉంది. పేరు లేదు.

ఇరవై ఒకటో రోజు ఎక్స్‌రేలో ఇంకా అర్ధంగుళం మిగిలింది. ఆ తర్వాత అది కదల్లేదు. పది వారాలకు నరసన్నను లేపి నిలబెట్టి టేపుతో కొలిస్తే, కుడికాలు అర్ధంగుళం తక్కువ. "పోయింటే అంగుళంన్నర పోయేది గదా," అని నవ్వి చంకకర్రలతో ఇంటికి వెళ్లాడు. సుబ్బక్క నవ్వలేదు. సంచులు మోసుకుని అతని వెనకాల నడిచింది.

రెండు నెలలు ఆ అర్ధంగుళం నన్ను తొలుస్తూనే ఉంది. చివరికి మగ్గం చెక్క మీద బిగించడానికి అర్ధంగుళం దిమ్మ ఒకటి చేసుకుని, ఆదివారం సాయంత్రం మాధవరం వెళ్లాను. వీధిలో ఆడవాళ్లు నూలు చుడుతూ కూర్చున్నారు. నరసన్న మగ్గం మీదే ఉన్నాడు. దిమ్మ చూసి పగలబడి నవ్వాడు.

"దీనికి దిమ్మ యాల సారూ? చెక్కకు కట్టిన తాడు ముడి రవ్వంత పైకి ఏసుకున్యా. సరిపాయె."

నా బుర్రకు ఆ ముడి తట్టనే లేదు. నవ్వొచ్చింది, మనసు తేలికైంది. అంతలో పొద్దు వాలింది. నరసన్న గుంట అంచు పట్టుకుని కష్టం మీద లేచి, గోడ పట్టుకుంటూ మగ్గం చుట్టూ తిరిగి అవతలి కొసకు వెళ్లి, పడుగు తాడు తనే వదులు చేశాడు. అది ఇద్దరు చేసే పని, అతను కూర్చున్నచోటు నుంచి అందదు.

"సుబ్బక్క లేదా?" అన్నాను.

"ఉండాది, లోపల." గొంతు తగ్గించాడు. "మగ్గం మీద చెయ్యి ఎయ్యదు సారూ. మీరు అరిసినప్పటి నుంచి అంతే. వదులు జెయ్యమంటే లోపలికి పోతాది. నీ కాలు నేనే కురచ జేసినా అంటాది."

పన్నెండు మంచాలు వినేట్టు అరిచినవాణ్ణి, వంటింటి గడప దగ్గర గొణిగితే చాలదు. ఆమెను బయటికి పిలిచాను. నూలు చుట్టేవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు.

"సుబ్బక్కా," అన్నాను, అందరికీ వినపడేట్టే. "తప్పు నీది కాదు. రాత్రి కూడా లాగాలని నీకు చెప్పాల్సింది నేను. చెప్పకుండా తాళం వేసి పెట్టినాను. నువ్వు వేలు పెట్టి పట్టుకోకపోయింటే ఆయన కాలు అంగుళంన్నర పోయేది. ఆ పొద్దు నిన్ను అన్న మాట తప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"అట్లయితే ఆ అర్ధంగుళం నాది గాదా?"

"కాదు. నాది."

సుబ్బక్క ఉన్నచోటే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కింటామె వచ్చి భుజం పట్టుకుంది. నరసన్న మగ్గం అవతలే నిలబడి ఉన్నాడు, ఇటు రాలేదు. ఏడుపు తగ్గాక ఆమె కళ్లు తుడుచుకుని నాతో అంది:

"మీరు అరనిమిషం అరిస్తిరి సారూ. నేను నాలుగు నెల్లు మోస్తిని."